పెట్టె కన్నా ముందు పెట్టుబడి

చిరంజీవులకు,

మీరు నగరాల్లో ఉద్యోగాలు చేసుకుంటూ, ఊరి బయటి తోట నుంచి వారానికోసారి కూరగాయల పెట్టె తెప్పించుకుందామా అని ఆలోచిస్తున్నవాళ్ళు. కొందరు ఇప్పటికే మొదలుపెట్టారు. మరికొందరు మొదలుపెట్టి, మూడో వారం కూడా సొరకాయే వచ్చిందని మానేశారు. మీ అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను.

నేను వైద్యుణ్ణి కాదు, ఆహార నిపుణుణ్ణీ కాదు. కూరగాయల మార్కెట్ యార్డులో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. రైతు సరుకు దింపడం, వేలం పాట, తూకం, తక్‌పట్టీ (అమ్మకం చీటీ) రాయడం, డబ్బు చేతికిచ్చే ముందు అందులోంచి ఏవేవో కోసుకోవడం, అన్నీ నా కళ్ళ ముందు జరిగినవే. కాబట్టి విటమిన్ల గురించి నన్నడక్కండి. డబ్బు గురించి చెబుతాను. ఈ పెట్టె వ్యవహారంలో అసలు సంగతి డబ్బేనని నా నమ్మకం.

యార్డుకు కొత్తగా వచ్చినవాళ్ళకు ఒక విషయం అంత తొందరగా అర్థం కాదు. పక్క దుకాణంలో ట్రేకి ఇరవయ్యో ముప్పయ్యో ఎక్కువ పలుకుతున్నా రైతు అటు పోడు. తెల్లవారుజామున ఆటో దిగి, ఎప్పుడూ దింపే అడ్తి (కమీషన్ ఏజెంటు) దగ్గరే దింపుతాడు. ధర తెలియక కాదు. వానాకాలం మొదట్లో విత్తనాలకు, నారుకు, మల్చింగ్ షీటుకు, పందిరి కట్టెలకు డబ్బు సర్దింది ఆ అడ్తివాడే. పట్టా లేని కౌలు రైతుకు బ్యాంకు మేనేజరు దర్శనమే దొరకదు. మరి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? ముందుగా ఎవరిస్తే వాళ్ళ దగ్గరికే పంట పోతుంది. అందులోంచి కమీషన్ తీస్తారు, హమాలీ తీస్తారు, తరుగు పేరుతో కొంత తీస్తారు, పాత బాకీ కింద మరికొంత జమ వేసుకుంటారు. ఆ తర్వాత మిగిలిన అంకెను రైతు చదువుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు. అడ్తివాళ్ళంతా దుర్మార్గులని నేననను. రైతు ఇంట్లో ఆస్పత్రి ఖర్చు పడితే రాత్రికి రాత్రి డబ్బు పంపినవాళ్ళను ఎరుగుదును. అయినా పగ్గం పగ్గమే.

మా తాతల కాలంలో దీన్ని గింజల్లో చేసేవారు. విత్తనానికి వడ్లు కొలిచి ఇచ్చి, కళ్ళంలో ఒకటిన్నర వంతు కొలిపించుకునే నాగు పద్ధతి తెలంగాణ పల్లెల్లో చాలామందిని ముంచింది. అందుకే ‘తోట నుంచి నేరుగా ఇంటికి’ అనేది మన పూర్వీకుల గొప్ప సంప్రదాయం అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. పూర్వం ఊళ్ళో కుమ్మరికీ కమ్మరికీ చేసిన పనికి కళ్ళం దగ్గర మేరగా గింజలు కొలిచేవారు, నిజమే. ఎవరెవరు ఎంత దూరంలో నిలబడి ఆ మేర అందుకునేవారో కూడా గుర్తుపెట్టుకోవాలి కదా. ఆ రోజుల మీద నాకు బెంగేమీ లేదు.

ఈ పెట్టెల పద్ధతిని మొదలుపెట్టినవాళ్ళు సరిగ్గా ఆ పెట్టుబడి ముడినే పట్టుకున్నారు. జపాన్‌లో 1970ల మొదట్లో, పాలలో పురుగుమందుల అవశేషాలున్నాయని భయపడ్డ గృహిణులు రైతులతో నేరుగా ఒప్పందాలు చేసుకున్నారు. అమెరికాలో, అలబామా రాష్ట్రంలోని టస్కెగీ విశ్వవిద్యాలయంలో బుకర్ వాట్లీ అనే నల్లజాతి ఆచార్యుడు చిన్న రైతులకు ఒక ఉపాయం చెప్పేవాడు: పంటకు ముందే సభ్యత్వ రుసుము కట్టే ఖాతాదారుల క్లబ్బు పెట్టుకోండి, వాళ్ళే మీ తోటకొచ్చి కోసుకుపోతారు అని. 1986లో మసాచుసెట్స్‌లోని ఇండియన్ లైన్ ఫామ్‌లోనూ, న్యూ హాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ కమ్యూనిటీ ఫామ్‌లోనూ ఈ పద్ధతి మొదలై దేశమంతా పాకింది. ఈ రెండు తోటల్లోనూ సూత్రం ఒకటే. విత్తనం వేయకముందే ఊరివాళ్ళు డబ్బు పోగుచేసి ఇస్తారు, పండినదాంట్లో వాటా తీసుకుంటారు. పంట బాగుంటే పెట్టె నిండుతుంది. పోతే అందరికీ పోతుంది. అడ్తివాడు కూర్చునే కుర్చీలో ఊరివాళ్ళు కూర్చున్నారన్నమాట, వడ్డీ లేకుండా.

ఇప్పుడు మీ ఫోనులోని పెట్టె సంగతి చూద్దాం. మీరు డబ్బెప్పుడు కడుతున్నారు? పెట్టె గుమ్మంలోకి వచ్చాకా? ఇష్టం లేని వారం ‘స్కిప్’ నొక్కేస్తున్నారా? వంకాయ వద్దు, దాని బదులు క్యాప్సికం ఇవ్వండి అంటున్నారా? అలాగైతే మీరు ఒక దుకాణంలో కొంటున్నారు. అందులో తప్పేమీ లేదు, దుకాణంలో కొనడం నేరం కాదు. కానీ రైతుకు అండగా నిలబడ్డామని మాత్రం అనుకోకండి. కోసిన బెండకాయ మీరు స్కిప్ కొట్టారని తిరిగి చెట్టెక్కదు. ఆ వారం నష్టం మొత్తం అతనిదే, యార్డులో జరిగినట్టే.

ఆ నష్టం ఎలా ఉంటుందో 2023 టమాటా చూపించింది. ఆ ఏడాది జూలై చివర మదనపల్లె మార్కెట్లో కిలో రెండు వందల దరిదాపులకు పోయింది. టీవీల్లో రాత్రికి రాత్రి కోటీశ్వరులైన రైతుల కథలు. సెప్టెంబరు వచ్చేసరికి కర్నూలు జిల్లాలో కిలోకు అయిదారు రూపాయలు కూడా రాక రోడ్డు పక్కన పారబోశారు. నడుమ గడిచింది ఆరు వారాలు. జూలై ధర చూసి నారు పోసినవాడు సెప్టెంబరు తర్వాతి ధరకు అమ్ముకోవాలి, ఎందుకంటే నారుకు నెల, నాటాక కాయ కోతకు రావడానికి రెండు నెలలు పడుతుంది. ఇది రైతు మూర్ఖత్వం కాదు, మొక్క పెరిగే వేగం. రిజర్వు బ్యాంకు 2024లో వెలువరించిన ఒక పరిశోధన పత్రం, వినియోగదారుడు టమాటాకు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది 33 పైసలేనని తేల్చింది. ఉల్లికి 36, ఆలుగడ్డకు 37. తక్‌పట్టీలు రాసినవాడిగా నాకు ఆశ్చర్యం కలగలేదు.

మరో అంకె చెబుతాను. హైదరాబాద్ బోయినపల్లి యార్డులో మిగిలిపోయిన కూరగాయల నుంచి కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో దాన్ని మెచ్చుకున్నారు. అప్పటి లెక్క ప్రకారం రోజుకు దాదాపు పది టన్నుల వ్యర్థం, దానినుంచి అయిదు వందల యూనిట్ల కరెంటు. మంచి పనే చేశారు. అయితే అందరూ అయిదు వందల యూనిట్ల దగ్గర చప్పట్లు కొడితే నా మనసు పది టన్నుల దగ్గరే ఉండిపోయింది. తొక్కలూ ఆకులూ తీసేసినా, అందులో చాలా భాగం ఎవరో నీళ్ళు కట్టి, కలుపు తీసి, కోసి, కిరాయి పెట్టి తెచ్చిన సరుకే.

సరే, డబ్బు ముందే కట్టారనుకుందాం. పెట్టెలో ఏమొస్తుంది? ఇక్కడే మీలో చాలామందికి చిరాకు మొదలవుతుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల చేవెళ్ల, వికారాబాద్, గజ్వేల్ వైపు తోటలైతే వానలు పడగానే ఆకుకూరలు వస్తాయి. తోటకూర, పుంటికూర, గంగవాయిలి కూర. ఆ నెలల్లోనే బోడకాకర కాయలు, కోడికూరతో పోటీ పడే ధరతో. అవి పెట్టెలో గుప్పెడు కనిపించినా ఆ తోటాయన మీమీద ప్రేమ చూపించాడని లెక్క. విత్తిన నెలన్నరకు బెండ కోతకు వస్తుంది. ఆ వెనకే పందిరి పంటలు: బీర, సొర, పొట్ల, కాకర, దొండ. సెప్టెంబరు నుంచి దీపావళి దాకా సొరకాయలతో విసిగిపోతారు, ముందే చెబుతున్నాను. ఆ మధ్యలో సీతాఫలాలు మీ కోపం చల్లారుస్తాయి. చలి తగిలాక చిక్కుడు పూత పడుతుంది. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేయడం, చిక్కుడాకు మీద పరమాన్నం పెట్టడం ఊరికే వచ్చిన ఆచారం కాదు. ఆ పండుగ నాటికి ఏ పెరట్లో చూసినా ఉండేది చిక్కుడు పాదే. చలికాలం పెట్టె చూడముచ్చటగా ఉంటుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, మెంతి, పాలకూర, కట్టలు కట్టలుగా కొత్తిమీర, సంక్రాంతికి కుప్పలు తెప్పలుగా టమాటా. మీలో ఫొటోలు పెట్టేవాళ్ళంతా పెట్టేది ఈ మూడు నెలల పెట్టెనే.

శివరాత్రి దాటితే కథ మారుతుంది. ఆకుకూరలు ఎండకు ముదిరి చేదెక్కుతాయి. గోరుచిక్కుడు, దోస, మునగ, పచ్చి మామిడి, చింతచిగురు వస్తాయి. పెట్టె తేలికవుతుంది. బోరు నీళ్ళు తగ్గితే ఇంకా తేలికవుతుంది. ‘ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా పెట్టె ఆపేస్తాం’ అని ముందే చెప్పే తోట దొరికితే వదలకండి, నిజం చెప్పే తోట అది. పగలు ముప్పై అయిదు డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పూత నిలవదు, రాలిపోతుంది. ఆ రోజుల్లో మన నగరానికి టమాటా మదనపల్లె నుంచీ కోలారు నుంచీ రావాల్సిందే. ఆ ప్రాంతాలు ఎత్తు మీద ఉన్నాయి, మన కంటే చల్లన. కాబట్టి మోసం పట్టుకోవడానికి మీకొక సులువైన కొలత ఇస్తాను. ‘మా సొంత తోట పెట్టె’ అని చెప్పి ఏడాది పొడుగునా, ప్రతి వారం, టమాటా, క్యారెట్, క్యాప్సికం, బీన్స్ తప్పకుండా ఇస్తున్నారంటే ఆ పెట్టె తెల్లవారుజామున యార్డులో నిండుతోంది. నేను పనిచేసిన రోజుల్లోనే అలాంటి వ్యాన్లు గేటు దగ్గర ఆగేవి. యార్డు సరుకు తినకూడదని కాదు నేననేది. దాన్ని తోట ధరకు కొనకండి.

మందులు కొట్టని కూరగాయల సంగతి కూడా అడుగుతారు. ‘ఆర్గానిక్’ అని అట్ట మీద అచ్చు వేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. చిన్న రైతులకు పీజీఎస్ ఇండియా అని కేంద్ర వ్యవసాయ శాఖ పద్ధతి ఒకటుంది. కనీసం అయిదుగురు రైతులు గుంపుగా చేరి, ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసి పూచీ పడతారు. మారుతున్న దశలో ఉంటే పీజీఎస్ గ్రీన్, పూర్తిగా మారాక పీజీఎస్ ఆర్గానిక్ అంటారు. ఆ గుంపు వివరాలు అడగండి, చెప్పడానికి తడబడితే మీకే అర్థమవుతుంది. కానీ నా మటుకు నేను, ‘తప్పక ఒకసారి మందు కొట్టాను, ఫలానా రోజు, ఫలానా మందు, అందుకే ఈ వారం వంకాయ పంపలేదు’ అని చెప్పే రైతును ఏ ముద్ర కన్నా ఎక్కువ నమ్ముతాను. వంకాయకు పట్టే కాయతొలుచు పురుగుతో పోట్లాడినవాడికే దాని బాధ తెలుస్తుంది.

మరి ఇంట్లో ఏం చేయాలి? మీ కష్టం నాకు తెలియనిది కాదు. ఇద్దరూ ఉద్యోగాలు, రాత్రి ఎనిమిదికి ఇల్లు, పెట్టెలో అయిదు రకాలు. మా ఇంటావిడ పద్ధతి చెబుతాను. పెట్టె రాగానే ఆకుకూరలు విడదీసి, వేర్లు కోసి, తడి ఆరాక బట్టలో చుట్టి పెడుతుంది. మొదటి రెండు రోజులూ అవే. ముల్లంగికి ఆకు విడిగా కోసేస్తుంది, లేకపోతే ఆకు దుంపలోని తడి లాగేసుకుని దుంప మెత్తబడుతుంది. ఆ ఆకు కూడా పెసరపప్పుతో కూరే. బెండ, బీర మధ్యలో. సొర, దోస, గుమ్మడి, కంద వారం చివరికి. ఇంత చేసినా మిగిలితే ఒరుగులు. టమాటా, వంకాయ, గోరుచిక్కుడు ఉప్పు పట్టించి ఎండబెట్టిన ఒరుగులతో వానాకాలం పులుసులు నడిచిన ఇళ్ళు మావి. మీ బాల్కనీలో ఎండ పడే మూల ఒకటి ఉంటే చాలు. అదీ కుదరకపోతే పక్క ఫ్లాటు వాళ్ళతో చెరి సగం తీసుకోండి. ఇద్దరికి వారానికి పెట్టెడు ఎక్కువే. ఊరెళ్తే ఆ వారం పెట్టె వాచ్‌మన్ ఇంటికి ఇప్పించండి. డబ్బు మాత్రం ఆపకండి.

వండే ఓపిక అసలే లేనివాళ్ళు ఈ పద్ధతిలోకి రావద్దు. కోపంతో అంటున్న మాట కాదిది. పెట్టెలోని ఆకుకూర మీ ఫ్రిజ్‌లో నల్లబడి చెత్తబుట్టలో పడటానికి రైతు కష్టపడలేదు. మీకు రైతు బజార్లున్నాయి. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైనవి. గుర్తింపు కార్డున్న రైతు తన సరుకు తనే కూర్చుని అమ్ముకుంటాడు, ధర బోర్డు మీద రాసి ఉంటుంది. కార్డులు పట్టుకుని వ్యాపారులు దూరారన్న ఫిర్యాదు మొదటి నుంచీ ఉన్నదే. అయినా ఉదయం పూట వెళ్ళి, నాలుగు కట్టలే ముందు పెట్టుకుని కూర్చున్నవాళ్ళ దగ్గర కొంటే, చాలావరకు అసలు రైతు దగ్గరే కొన్నట్టు. కావలసినంతే, కావలసిందే. పెట్టె కట్టుబాటు లేదు.

వానా వడగళ్ళ విషయం దాటేస్తే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి వైపు పడ్డ వడగళ్ళకు నేల తెల్లగా కప్పుకుపోయిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. కాశ్మీరా అని నవ్వుకుంటూ ఒకరికొకరు పంపుకున్నారు. అలాంటి వర్షం మీ తోట మీద పడితే ఆ తర్వాత కొన్ని వారాలు పెట్టె రాదు. ముందు కట్టిన డబ్బులో ఆ మేరకు పోయినట్టే. కూరగాయల రైతుల్లో చాలామందికి పంట బీమా లేదు. ఆ కొన్ని వారాలకు మీరే అతని బీమా. అది ఇష్టం లేకపోతే ముందే చెప్పుకుని, నెలకు నెల కట్టుకోండి, మధ్యలో గొడవ పడకండి. అదే సమయంలో తోటవాడి దగ్గర మీకూ కొన్ని హక్కులున్నాయి. ఏ నెలలో ఏం విత్తుతున్నాడో ముందుగా కాగితం మీద చెప్పాలి. పంట పోతే పోయిందని ఆ రోజే తెలియజేయాలి, ఫోను ఎత్తకుండా ఉండకూడదు. ఏడాది చివర జమాఖర్చు చూపించాలి: విత్తనాలకెంత, కూలీలకెంత, ఆటో కిరాయికెంత. చాలామంది మరిచిపోయే విషయం, అడ్తివాణ్ణి తీసేసినంత మాత్రాన అతను చేసే పని మాయమైపోదు. కాయలు ఏరడం, తూచడం, పెట్టెల్లో సర్దడం, నగరం అంతా తిరిగి ఇవ్వడం ఇప్పుడు రైతు ఇంటి మీద పడుతుంది, ముఖ్యంగా ఆ ఇంటి ఆడవాళ్ళ మీద. అందుకే ఒక్కో ఇంటికి విడిగా తెప్పించుకోకండి. అపార్ట్‌మెంట్లో పదిహేను ఇరవై కుటుంబాలు కలిస్తే ఒకే ఆటో, ఒకే గేటు, సెల్లారులో ఒక బల్ల. మీ పెట్టె మీరే దిగి తెచ్చుకోండి.

న్యూజెర్సీలో, డల్లాస్‌లో ఉన్న మన పిల్లలకు ఇది కొత్తేమీ కాదు. అక్కడి తోటలు చాలావరకు చలికాలంలోనే డబ్బు కట్టించుకుంటాయి, న్యూజెర్సీ వైపైతే జూన్ నుంచి అక్టోబరు దాకా పెట్టె ఇస్తాయి. ఈ ఆకేమిటో, ఈ గడ్డేమిటో అని వాళ్ళు ఫొటోలు పంపిస్తుంటారు. ఆ పచ్చగడ్డ నూల్‌కోల్, కూర వండు. ఆ ఎర్రకాడల చార్డ్ ఆకు పప్పులో వెయ్యి, తేడా తెలియదు. బీట్‌రూట్ ఆకు పారెయ్యకు. అంత దూరంలో ఎవరి తోటకో చలికాలంలోనే డబ్బు కట్టేవాళ్ళు, ఇక్కడ మన అపార్ట్‌మెంట్లో ఉన్నప్పుడు నెల బిల్లుకు కూడా బేరమాడేవాళ్ళే.

ఇక చేయవలసింది. మృగశిర కార్తె జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది. రైతు విత్తనాలు కొనేది అంతకు ముందే. కాబట్టి మే నెల మధ్యలోపు ఏ తోటో తేల్చుకోండి, నెలాఖరుకు డబ్బు చేతికివ్వండి, ఆరు నెలలకో ఏడాదికో. ఒకేసారి భారమైతే రెండు వాయిదాలు, మొదటిది విత్తనానికి ముందు. రెండోది దసరాకు ఇవ్వండి, చలికాలం పంట కోసం. కట్టే ముందు తోటకు వెళ్ళి రండి. ఆదివారం మధ్యాహ్నం సందర్శకుల కోసం ముస్తాబు చేసిన వేళ కాకుండా, కోత జరిగే రోజు పొద్దున ఆరింటికి వెళ్ళండి. పందిరి కింద నిలబడి, కోసే ఆవిడను రోజుకు కూలి ఎంతిస్తున్నారని అడగండి.


మార్కెట్ యార్డు రిటైర్డ్ ఉద్యోగి ఒకరు